గోడ అవతలి సిగ్నల్

మా ఇంటికీ మా బావ ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఒకప్పుడు అక్కడ గోడ లేదు, పొడవాటి పడసాల ఉండేది. మా మామగారు పోయాక మా ఆయనా వాళ్లన్నా వేరుపడినప్పుడు ఆ పడసాల మధ్యలో రాయీ సిమెంటూ పెట్టి గోడ లేపారు. తగాదా ఏమీ లేదు. ఎవరి వంట వాళ్లది ఉంటే మంచిదని మా అక్కే, అంటే మా బావ భార్యే, ముందుగా అంది. గోడ కట్టిన రోజు మేస్త్రీకీ కూలీలకూ అక్క ఒక పొయ్యి మీద సంగటి కెలికితే నేను ఇంకో పొయ్యి మీద పులుసు కాచాను. ఆ మధ్యాహ్నం అందరం కలిసే తిన్నాం.

మా ఊరు కర్ణాటక సరిహద్దులో, పావగడ వైపు అరసికెరెకు దగ్గరే. నేను మంగళవాడ నుంచి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో పెరట్లో నిలబడి చూస్తే అన్నీ శెనక్కాయ చేలే. వాన పడిన ఏడు పండేవి, పడని ఏడు ఎండేవి. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. ఊళ్లో అందరి భూములతోపాటు మా చేను కూడా అందులోకి కౌలుకు పోయింది. ఇప్పుడు పెరడు దాటితే కంచె, కంచె అవతల కనుచూపు మేరా సోలార్ పలకలు. మొదట్లో ఎండ పడితే కళ్లకు కొట్టేవి. పోను పోను అవి ఉన్న సంగతే పట్టకుండా పోయింది.

మా ఆయనకు ఆ పార్కులోనే పని దొరికింది. పలకలు కడిగే ట్రాక్టర్ల వెంట తిరిగి, ఏ వరస అయింది, ఏది మిగిలింది అని చూసుకోవడం ఆయన పని. పలకల కింద కూడా మా చేని గట్లు ఎక్కడెక్కడ ఉండేవో ఆయనకు తెలుసు. కొన్ని రోజులు తొందరగా ఇంటికి వచ్చేవాడు. ఏమయిందని అడిగితే, "ఈ పొద్దు కరెంటు మార్చే ఆ డబ్బాలకు అప్డేట్ అంట. అది అయ్యేదాకా ఎవురూ ఏమీ ముట్టుకోకూడదంట. నీడలో కూర్చోని వచ్చినాము" అనేవాడు. అప్డేట్ అనే మాట మా ఇంట్లోకి ముందు తెచ్చింది ఆయనే.

నేను పావగడ కాలేజీలో డిగ్రీ చదివాను. పెళ్లయిన చాలా ఏళ్లదాకా ఆ చదువుతో పని పడలేదు. కరోనా తర్వాత ఇంటి నుంచే చేసే పనులు వచ్చాయి కదా, అప్పుడు ఒక ఇంటర్నెట్ కంపెనీకి తెలుగూ కన్నడా మాట్లాడే వాళ్లు కావాలని తెలిసి ఫోన్లోనే ఇంటర్వ్యూ ఇచ్చాను. తీసుకున్నారు. ఇంట్లో వైఫై సరిగా రావడం లేదని, నెట్ తెగిపోతోందని జనం ఫోన్ చేస్తారు. వైఫై పెట్టె మీద ఏ దీపం వెలుగుతోందో అడిగి, ఆపి మళ్లీ వేయమని చెప్పి, పెట్టె ఎక్కడ పెట్టుకున్నారో కనుక్కుని, అలమారలో ఉంటే బయటికి తీయమని, టీవీ వెనక ఉంటే పక్కకు జరపమని చెప్పాలి. అంతే పని.

ఆ పనికి మా ఇంట్లో నెట్ కావాలి. కేబులు వచ్చే స్తంభం బావ ఇంటి మూలన ఉంది. లైను లాగడానికి వచ్చిన మనిషి, వైరు మీ ఇంటిదాకా చాలదు, ఇక్కడే పెడతాను, రెండిళ్లకూ వస్తుంది అని బావ ఇంటి ముందు గదిలో, వీధి వైపు ఉన్న అలమార మీద పెట్టె పెట్టి వెళ్లాడు. అలా వైఫై బావ ఇంట్లో ఉంది, పని మా ఇంట్లో ఉంది, మధ్యలో మేమే కట్టుకున్న రాతి గోడ ఉంది. రాతి గోడలోంచి సిగ్నల్ సరిగా రాదు. ఆ సంగతి ఊరూరా జనానికి చెప్పడమే నా పని.

మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. బోరు పాయింటు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తారే, అలా వంటింట్లోంచి పడసాలలోకి, పడసాలలోంచి గోడ దాకా మెల్లగా నడిచాడు. గోడకు ఆనుకున్న ఒక చోట రెండు గీతలు నిలిచాయి. నా బల్ల అక్కడ వేశాడు. సిగ్నల్ బలం అంకెల్లో చూపించే ఆప్ ఒకటి నా ఫోన్లో ఉంది. మైనస్ యాభై ఉంటే బాగున్నట్టు, డెబ్బై దాటితే మాట తెగుతుంది. నా బల్ల దగ్గర డెబ్బైకి అటూ ఇటూ ఆడుతుండేది. వైఫైకి ఏం పేరు పెడదామని ఆయన అడిగినప్పుడు గోడ అవతల అక్క శెనక్కాయలు వేయిస్తోంది, వాసన వస్తోంది. శెనక్కాయ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశాడు.

ఆయన పోయిన రోజు వాన పడింది. మధ్యాహ్నం బావ ఆవుకు కడుపు ఉబ్బింది. బావ దాని తాడు పట్టుకుని వదలకుండా నిలబడి, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన తమ్ముణ్ని పిలిచి పావగడకు పోయి పశువుల మందు తెమ్మన్నాడు. ఆయన ఇంకా అన్నం తినలేదు. వచ్చి తింటాలే అని నాకు చేత్తో సైగ చేశాడు. నేను కాల్‌లో ఉన్నాను, తల ఊపాను. బండి తీసుకుని వెళ్లాడు. పావగడ ఇంకా కొంత దూరం ఉందనగా ఒక మలుపులో లారీ తగిలింది.

అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ సమయంలో నా చెవిలో ఒకావిడ, దీపం ఎర్రగా ఉంది తల్లీ, ఆరీ ఆరకుండా ఉంది అని చెబుతోంది. నేను ఆమెకు ఏం చేయాలో చెప్పాను. పచ్చగా మారిందని ఆవిడ అన్నాక, కాల్ చేసినందుకు ధన్యవాదాలు, మీ రోజు శుభంగా గడవాలి అని చెప్పి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. చేతులూ నోరూ వాటి పని అవి చేసుకుపోయాయి.

నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో రాలేదు, ఇంటికి తెచ్చినప్పుడు రాలేదు. వచ్చిన ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడవమన్నారు, ఏడవకపోతే లోపల గట్టిపడిపోతుందన్నారు. వాళ్లు చెప్పేది వింటూ కూర్చున్నాను. వాళ్ల గాజులు, కొంగులు, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కాకపోతే అన్నీ కాస్త దూరంగా, గాజు అవతల ఉన్నట్టు ఉన్నాయి. నా కూతురు అప్పుడు పావగడలో పీయూసీ, అంటే ఇంటర్, మొదటి ఏడు. అది మాత్రం ఏడ్చింది. నా దగ్గర కాదు, గోడ అవతల వాళ్ల పెద్దమ్మ ఒడిలో. వినిపించేది.

కర్మకాండలు అయ్యాక కొన్నాళ్లకే పనిలో కూర్చున్నాను. ఇంకొన్ని రోజులు సెలవు పెట్టమని మా టీం లీడర్ అంది. వద్దన్నాను. నా గొంతు మారలేదు. పనిలో కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో ముందే రాసి ఉంటుంది, అది మాట్లాడితే చాలు. ఆ నెల నాకు మంచి రేటింగ్ వచ్చింది. ఓపికగా మాట్లాడుతుందని జనం రాశారట. అది ఓపిక కాదు. అవతలి మనిషి అరిచినా, బతిమాలినా నాకు ఒకటిగానే వినిపించేది.

బావకూ నాకూ ముందునుంచీ ఎదురెదురుగా మాటలు తక్కువే. మా వైపు తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు, ఏదున్నా అక్కతో చెప్పిస్తాడు. అందుకే ఆయన అది కూడా మానేసిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. అంతకుముందు పనికి పోయినా అంగడికి పోయినా మా గుమ్మం ముందు నుంచే పోయేవాడు. ఆ తర్వాత పెరటి దారి పట్టాడు. ఆవుకు ఏ మందూ లేకుండానే ఆ రోజే తగ్గిపోయింది. కొన్నాళ్లకు పెరట్లో దాని గుంజ ఖాళీగా కనిపించింది. అమ్మేశారని నా కూతురు చెప్పింది. బాగా పాలిచ్చే ఆవు.

అక్క మొదట్లో రోజూ గిన్నెలో కూర తెచ్చేది. ఆమె కూర్చునేది, నేను కూర్చునేదాన్ని, ఇద్దరం నేల చూసేవాళ్లం. ఒక రోజు, నేనే వండుకుంటున్నానక్కా, నీకెందుకు శ్రమ అన్నాను. కోపంతో అనలేదు. ఆమె వచ్చినప్పుడల్లా ముఖం ఏదో ఒక రకంగా పెట్టుకోవాల్సి వచ్చేది, అది నాకు చేతనయ్యేది కాదు. ఆ తర్వాత ఆమె రావడం తగ్గించింది. నేను వాళ్ల గడప తొక్కలేదు. రెండిళ్ల మధ్యా నా కూతురు ఒక్కతే తిరిగేది.

పనిలో కూర్చున్న కొద్ది రోజులకు నా ఫోన్లో గీతలు నిండుగా కనిపించాయి. బల్ల దగ్గర మైనస్ డెబ్బై ఆడే అంకె యాభై దగ్గర నిలిచింది. వంటింట్లో కూడా రావడం మొదలైంది. సరిగ్గా ఆ వారంలోనే కంపెనీ గ్రూపులో, పెట్టెలకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపించాం, సిగ్నల్ పనితీరు మెరుగవుతుంది అని ఒక సందేశం వచ్చి ఉంది. దానివల్లే అనుకున్నాను. ఫోన్ చేసిన వాళ్లకు కూడా, కొత్త అప్డేట్ తర్వాత సిగ్నల్ బాగుంటుందండీ, మా ఇంట్లో కూడా బాగైంది అని చెప్పేదాన్ని. గోడ అవతల టీవీ శబ్దం కూడా వినిపించడం ఆగిపోయింది. చావు జరిగిన ఇల్లు కదా, పెట్టుకోవడం లేదేమో అనుకున్నాను. నెలలు గడిచినా ఆ శబ్దం రాలేదు. దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. అప్పట్లో ఏ సంగతి గురించీ రెండో ఆలోచన వచ్చేది కాదు.

ఏడాది తద్దినం కూడా అయిపోయింది. ఆ తర్వాత ఎండలు మొదలయ్యాక ఒక రోజు పొద్దున లాగిన్ కాగానే కాల్స్ వరసలో నిలబడి ఉన్నాయి. కంపెనీ వాళ్లు పెట్టెలన్నిటికీ ఇంకో పెద్ద అప్డేట్ పంపడం మొదలుపెట్టారు. అందులో ఏదో తేడా వచ్చింది. అప్డేట్ అందిన పెట్టెల్లో పాత పేర్లు, పాస్‌వర్డులు చెరిగిపోయి, ఎర్ర దీపం వెలుగుతూ ఉండిపోతున్నాయి. పెట్టె వెనక చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కి పట్టుకోవాలి, దీపం ఆరి వెలిగేదాకా వదలకూడదు, తర్వాత అప్డేట్ పూర్తయ్యేదాకా కరెంటు తీయకూడదు. అదే మాట పొద్దున్నుంచీ ఎంతమందికి చెప్పానో. పిల్లల పరీక్ష ఆగిపోయిందని ఒకరు, అంగడిలో బిల్లులు కావడం లేదని ఒకరు. ఒకాయన నన్ను తిట్టాడు. తిట్టడం అయ్యాక, మీ దగ్గర సూది ఉందాండీ అని అడిగాను.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మాట్లాడుతుండగానే నా కాల్ తెగిపోయింది. ఫోన్లో వైఫై గీతలు లేవు. వైఫైల వరసలో శెనక్కాయ అనే పేరు లేదు. దాని బదులు కంపెనీ పేరు, దాని వెనక పొడవాటి అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. అప్డేట్ మా పెట్టెకు కూడా వచ్చిందన్నమాట. ఆ పేరు పెట్టింది ఆయన. అది పోయిందని తెలిసినప్పుడు ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. టీం లీడర్ ఫోన్ చేసి, లాగిన్ కాలేకపోతే సెలవు రాయమంటావా అని అడిగింది. పది నిమిషాలు ఆగమన్నాను.

గోడ అవతలికి వెళ్లక తప్పదు. గోడ చుట్టూ తిరిగితే నాలుగడుగులు కూడా ఉండదు. చెప్పులేసుకుని బయటికి వచ్చాను. వీధి చివర కంచె అవతల పలకల మీద ఎండ కొలిమిలా ఉంది. బావ ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. అక్కా అని పిలిచాను. నా పిలుపు నాకే కొత్తగా వినిపించింది.

అక్క తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగింది. "రా మ్మే, లోపలికి రా. ఎండలో యాల నిలబడితివి" అంది. లోపలికి వెళ్లాను. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కానీ ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలబడ్డాడు.

పెట్టె కోసం అలమార వైపు చూశాను. అక్కడ లేదు. టీవీ కూడా ఉండే చోట లేదు. టీవీ ఉండాల్సిన గోడకు, అంటే మా రెండిళ్ల మధ్య గోడకు, ఒక మేకు కొట్టి ఉంది. ఆ మేకుకు పాత చీర అంచు పేలికతో ఆ పెట్టెను కట్టి ఉన్నారు. గోడకు ఒత్తుకునేలా కట్టారు. కింద జారకుండా రెండు మేకుల మీద చెక్క ముక్క ఒకటి పెట్టారు. గోడ అవతల నా బల్ల ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే. టీవీ మూలన ఒక స్టూలు మీద గుడ్డ కప్పుకుని ఉంది. దాని వైరు ప్లగ్గు దాకా అందడం లేదు.

"ఇది ఈడికి ఎప్పుడొచ్చిందక్కా?" అన్నాను.

అక్క బావ వైపు చూసింది. తర్వాత ఆమే చెప్పింది. "నువ్వు మళ్లా పనిలో కూర్చున్న దినాల్లోనే. నువ్వు మాట్లాడతా ఉంటే గోడలో నుంచి మాకు వినపడుతుండె. హలో హలో అంటా ఉంటివి, మళ్లా మళ్లా చెప్పిందే చెప్తా ఉంటివి. మీ బావ విని, దీన్ని గోడ కాడికి తెస్తే ఆయమ్మకు బాగా వస్తుందేమో అన్యాడు. తానే మేకు కొట్టినాడు. టీవీకి తావు లేకపోయె. పోనీలే, మేము చూసేదేముండాది."

అప్డేట్ వల్ల సిగ్నల్ బాగైందని ఏడాదికి పైగా నేను అందరికీ చెప్పాను. ఆ మాట వాళ్లకు చెప్పలేదు. పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను. పేలిక ముడి గట్టిగా, రెండుసార్లు వేసి ఉంది.

"సూది కావల్ల అక్కా" అన్నాను. ఆమె తన గాజుల్లోంచి పిన్నీసు తీసి ఇచ్చింది. బావ స్టూలు మీది టీవీని ఎత్తి నేల మీద పెట్టి, స్టూలు నాకు జరిపాడు. ఎక్కి పిన్నీసు మొనను రంధ్రంలో పెట్టి నొక్కి పట్టుకున్నాను. పొద్దున్నుంచీ జనంతో చేయించిన పని మొదటిసారి నా చేత్తో చేస్తున్నాను. ఎర్ర దీపం ఆరింది, మళ్లీ వెలిగింది. దిగి ఫోన్లో చూస్తే అప్డేట్ మొదలైందని, కరెంటు ఆపవద్దని వచ్చింది. ఒక నీలం గీత చాలా మెల్లగా ముందుకు పోతోంది. అది పూర్తయ్యేదాకా చేసేదేమీ లేదు. ముగ్గురం నిలబడి ఆ దీపం వైపు చూస్తున్నాం.

అప్పుడు బావ మాట్లాడాడు. నాతో, నేరుగా. గొంతు సవరించుకోలేదు కూడా.

"అమ్మా, ఆ పొద్దు మందుకు వాణ్ణి పంపింది నేనే."

"తెలుసు బావా" అన్నాను.

"తినేసి పోరా అని ఒక మాట అని ఉండల్ల. అనలే. ఆవు పోతుందని బయం. అది బతికె." గోడకు చెయ్యి ఆనించాడు. "నువ్వు ఏమన్నా అంటావని కాసుకోని ఉంటి. ఒక్క మాటా అనకపోతివి."

ఏమనాలా అని వెతికాను. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కోపం లేదని చెప్పడానికి కూడా లోపల ఏదో ఒకటి కదలాలి. "అనేకి నాకేమీ రాలేదు బావా" అన్నాను. "మీ మీదనే కాదు. దేని మీదా ఏమీ రాలే. ఇప్పటికీ రాలే. నేనెట్ల ఉండానో నాకే తెలీడంలే."

ఆయన తల ఊపాడు. అర్థమైందో లేదో తెలియదు. కానీ అప్పటిదాకా గోడకు ఆనించి ఉన్న చేతిని తీసి మంచం మీద కూర్చున్నాడు. చాలాసేపు బరువు మోసి దించుకున్న మనిషి కూర్చున్నట్టు కూర్చున్నాడు. అక్క నా పక్కకు వచ్చి నిలబడింది.

"నేను దినామూ ఈ గోడకు చెవి పెట్టుకోని ఉంటి" అంది మెల్లగా. "నువ్వు ఏడిస్తే వచ్చి పట్టుకుందామని. నువ్వు ఏడవకపోతివి. దీపం పచ్చగా ఉండాదా, ఎర్రగా ఉండాదా అని ఊరోళ్లందర్నీ అడుగుతా ఉంటివి. విని విని నాకే ఏడుపొస్తుండె."

నేను ఆమె ముఖం చూశాను. కళ్ల కింద నల్లబడింది. నాకంటే ఆమె ఎక్కువ చిక్కిపోయిందని అప్పుడు గమనించాను. ఇన్నాళ్లు పక్కింట్లో ఉండి గమనించలేదు. ఆమె చెయ్యి పట్టుకోవాలని అనుకున్నాను, పట్టుకోలేదు. ఫోన్లో నీలం గీత చివరికి చేరింది. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది.

కొత్త పేరు పెట్టుకోమని తెర మీద అడుగుతోంది. ఏం పేరు పెట్టమంటావక్కా అని అడిగాను. "ఏదో ఒకటి పెట్టు. వస్తే చాల్లే" అంది. కంపెనీ వాళ్లు ఇచ్చిన అక్షరాలూ అంకెలే ఉంచేశాను. పాస్‌వర్డు మాత్రం మార్చాను. వాళ్ల ఫోన్లలో కూడా ఎక్కించాను. అక్క మజ్జిగ ఇచ్చింది. నిలబడే తాగి, టీం లీడర్ కాసుకుని ఉంటుందని చెప్పి వచ్చేశాను. బల్ల దగ్గర కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ఇంకా వరసలో జనం ఉన్నారు. సాయంత్రం దాకా సూది ఉందా అని అడుగుతూనే ఉన్నాను.

ఆ రోజు తర్వాత ఏదో మారిపోయిందని చెప్పలేను. నేను అలాగే ఉన్నాను. పొద్దున లేవడం, నా కూతుర్ని బస్సెక్కించడం, కాల్స్, వంట. కాకపోతే మా ఇంట్లో ఒక అలవాటు కొత్తగా వచ్చింది. మధ్యాహ్నం పూట అక్క మా పడసాలలోకి వచ్చి, నా బల్ల పక్కన చాప పరచుకుని పడుకుంటుంది. నేను కాల్‌లో ఉంటే పలకరించదు. ముఖం ఏ రకంగానూ పెట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది. ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది కదా. ఒక్కోసారి అవతలి మనిషి ఏం అడిగాడో నా జవాబును బట్టి ఊహించి, కళ్లు తెరవకుండానే ఆమె పెదవులు వంకర పోతాయి. ఒకసారి ఒకాయన పెట్టెను బియ్యం డబ్బాలో దాచి, సిగ్నల్ రావడం లేదని ఫోన్ చేశాడు. ఎలుకల భయమట. కాల్ అయ్యాక ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు కానీ, ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని నాకు అనిపించింది. అలా అనిపించి చాలా కాలమైంది.

టీవీని మా ఇంట్లోకి తెచ్చి పెట్టుకోమన్నాను. బావ ఒప్పుకోలేదు. చివరికి పొడవాటి వైరు కొని, వాళ్ల ఇంట్లోనే ఎదురు గోడకు పెట్టించాం. పెట్టెను మాత్రం ఎవరూ కదపలేదు. పావగడలో సిగ్నల్ పెంచే చిన్న మిషన్లు దొరుకుతాయి, వాటితో ఇల్లంతా వస్తుందని నా కూతురు చెప్పింది. చూద్దాంలే అన్నాను. ఇప్పుడు బావ మళ్లీ మా గుమ్మం ముందు నుంచే పోతున్నాడు. నాతో మాట్లాడతాడు కూడా, ఆ పెట్టె గురించి మాత్రమే. "పచ్చగానే ఉండాదమ్మా" అని చెప్పి పోతాడు. నేను సరే బావా అంటాను.

నా కూతురు పీయూసీ పాసై, అదే పావగడలో డిగ్రీలో చేరాలనుకుంది. చేర్పించే రోజు ఇంటి పెద్దవాళ్లు రావాలన్నారు. అది ముందే స్నేహితురాళ్లతో వెళ్లిపోయింది. బావ, అక్క, నేను తర్వాతి బస్సెక్కాం. ఆయన పోయాక ఆ దారిలో నేను ఎన్నోసార్లు వెళ్లాను, ఒంటరిగానో కూతురితోనో. ఆ మలుపు వచ్చినప్పుడు ఎప్పుడూ కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. అక్కడ ఏమీ ఉండదు. రోడ్డు, రాళ్లు, సీతాఫలం పొదలు.

బావ ముందు సీట్లో కూర్చున్నాడు. మలుపు దగ్గరపడుతుండగా ఆయన తల దించుకున్నాడు. వెనక నుంచి ఆయన మెడ కనిపిస్తోంది, ఎండకు కమిలి నల్లగా, మా ఆయన మెడలాగే. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిగా ఉంది. ఆ తడి నాకు తెలిసింది. బస్సు మలుపు తిరిగి, మేకల మందకు దారి ఇవ్వడానికి కాసేపు ఆగి, మళ్లీ కదిలింది.  ఈసారి కిటికీ వైపు కాక మా ఇద్దరి చేతుల వైపు చూశాను. ఏడుపు రాలేదు. అయినా పూర్తిగా ఏమీ లేదని కూడా అనలేను.

పావగడ వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు, నేనూ వెనక్కి తీసుకోలేదు. బస్టాండులో దిగాక బావ ఊరి పక్కనున్న కొండ వైపు తిరిగి ఎండకు కళ్లు చిట్లించి నిలబడ్డాడు. ముందు కాలేజీకి పోదామా, టీ తాగి పోదామా అని అడిగాడు. అక్కను కాదు, నన్ను అడిగాడు. టీ తాగి పోదాం బావా అన్నాను.